హైడ్రోజన్‌ను ఎక్కడ ఎంచుకోవాలి, ఎక్కడ వదులుకోవాలి

ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ ల్యాబులో నీటి విద్యుద్విశ్లేషణ చూసినవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఆమ్లం కలిపిన నీటిలో రెండు కడ్డీలు, వాటి మీద బోర్లించిన రెండు గాజు గొట్టాలు; తీగలు తగిలించగానే రెండు కడ్డీల మీదా బుడగలు పుట్టి, రుణ ధ్రువం వైపున్న గొట్టం రెండో దానికంటే రెట్టింపు వేగంతో నిండుతుంది. ఆ గొట్టం మూతి దగ్గర వెలిగించిన అగ్గిపుల్ల పెడితే టప్‌మని శబ్దం వస్తుంది. అందరికీ ఆ శబ్దమే గుర్తుంటుంది. అయితే కాసేపు కరెంటు పారించాక ఆ పాత్రను చేత్తో తాకి చూస్తే గోరువెచ్చగా తగులుతుంది. మనం ఇచ్చిన విద్యుత్తులో కొంత భాగం వాయువుగా మారకుండానే వేడిగా పోయిందని అది చెబుతుంది. హైడ్రోజన్‌ను ఏ పనికి వాడాలి, ఏ పనికి వాడకూడదు అన్న లెక్క ఆ వెచ్చదనం దగ్గరే మొదలవుతుంది.

ఒక కిలో హైడ్రోజన్‌లో మనకు వాడుకోవడానికి దొరికే శక్తి దాదాపు 33 యూనిట్లు. దాన్ని నీటి నుంచి తీయడానికి నేటి ఎలక్ట్రోలైజర్లు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు తీసుకుంటున్నాయి. ఆ తర్వాత దాన్ని సిలిండర్లలోకి ఒత్తిడితో ఎక్కించాలి, లేదా మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా మార్చాలి; ద్రవంగా మార్చడానికే అందులోని శక్తిలో దాదాపు మూడో వంతుకు సమానమైన కరెంటు ఖర్చవుతుంది. చివరకు ఫ్యూయల్ సెల్‌లో తిరిగి విద్యుత్తుగా మార్చేటప్పుడు ఉన్నదాంట్లో సగం వరకూ పోతుంది. 100 యూనిట్ల సౌర విద్యుత్తుతో బయలుదేరితే చేతికి వచ్చేది 30, 35 యూనిట్లు మాత్రమే. అదే కరెంటును తీగ మీద తెచ్చి బ్యాటరీలో నింపి మోటారు తిప్పితే 70 నుంచి 80 యూనిట్ల పని జరుగుతుంది.

కాబట్టి ఏ వాడకం గురించైనా ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పనికి కావలసింది శక్తి మాత్రమేనా, లేక హైడ్రోజన్ అనే పదార్థమే కావాలా? శక్తి మాత్రమే అయితే, అక్కడికి తీగ గాని బ్యాటరీ గాని చేరగలదా? పదార్థమే కావలసిన చోట గ్రీన్ హైడ్రోజన్‌కు, అంటే సౌర, పవన విద్యుత్తు వంటి పునరుత్పాదక కరెంటుతో తీసిన హైడ్రోజన్‌కు, నిజమైన పోటీ లేదు. తీగ చేరగలిగిన చోట దానికి గెలిచే అవకాశం చాలా తక్కువ. ఈ రెండింటి నడుమ కొన్ని పనులు మిగులుతాయి. అసలు తర్జనభర్జన అవసరమైనది వాటి విషయంలోనే.

ఎరువుల దగ్గర మొదలుపెట్టడం మంచిది

ప్రపంచం 2023లో సుమారు 9.7 కోట్ల టన్నుల హైడ్రోజన్ వాడింది. అందులో తక్కువ ఉద్గారాలతో తయారైనది ఒక శాతం కూడా లేదు. మిగిలినదంతా దాదాపుగా సహజ వాయువు, బొగ్గు, చమురు వంటి శిలాజ ఇంధనాల నుంచి తీసినదే. వాయువు నుంచి తీసే ప్రతి కిలో హైడ్రోజన్‌కూ 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మన దేశంలో ఏటా వాడే 50 లక్షల టన్నులకు పైబడిన హైడ్రోజన్‌లో అత్యధిక భాగం రిఫైనరీలకు, ఎరువుల కర్మాగారాలకు పోతోంది. కొత్తగా ఏ బస్సులోనో రైల్లోనో హైడ్రోజన్ నింపడానికి ముందు, ఇప్పటికే వాడుతున్న ఈ మురికి హైడ్రోజన్ స్థానంలో శుభ్రమైనది తేవడమే అన్నిటికంటే న్యాయమైన ఎంపిక అని నా అభిప్రాయం. ఇక్కడ కొత్త ఇంజను కనిపెట్టనక్కరలేదు, కొత్త కొనుగోలుదారును వెతకనక్కరలేదు.

రైతు దుకాణం నుంచి మోసుకొచ్చే ఒక యూరియా బస్తాను తీసుకుని లెక్క చూద్దాం. 45 కిలోల బస్తాకు దాదాపు 25 కిలోల అమ్మోనియా కావాలి. ఆ అమ్మోనియాకు నాలుగున్నర కిలోల హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ను విద్యుద్విశ్లేషణతో తీస్తే 250 యూనిట్ల కరెంటు అవుతుంది. యూనిట్ 4 రూపాయలనుకున్నా ఒక్క కరెంటుకే 1,000 రూపాయలు. రైతు కట్టే ధర 270 రూపాయల లోపే. తేడాను సబ్సిడీ రూపంలో ప్రభుత్వం భరించాలి. సహజ వాయువుతో తయారయ్యే యూరియాకు కూడా అది ఇప్పటికే భారీగా భరిస్తోంది. అందువల్ల గ్రీన్ ఎరువు అన్నప్పుడు చివరికి తేలాల్సినది యూనిట్ ధర ఎంతన్నదే. కరెంటు రెండున్నర రూపాయలకు దొరికితే అదే బస్తాకు 625 రూపాయలే అవుతుంది.

యూరియా విషయంలో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. యూరియా తయారీకి అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా ముడిసరుకే. ఒక్కో బస్తాలో 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ కట్టుబడి ఉంటుంది. రామగుండం వంటి కర్మాగారాల్లో సహజ వాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌నే ఇందుకు వాడుకుంటారు. నీటి నుంచి హైడ్రోజన్ తీస్తే ఆ కార్బన్ డయాక్సైడ్ ఉండదు. సిమెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టం నుంచో బయోగ్యాస్ నుంచో దాన్ని పట్టి తేవాలి. అలా తెచ్చినా, యూరియా పొలంలో పడి నేలలో కరిగాక అది తిరిగి గాలిలోకే పోతుంది. ఇందుకే ఎరువుల్లో మొదట మారవలసినవి యూరియా ప్లాంట్లు కావు, కాంప్లెక్స్ ఎరువుల ప్లాంట్లు. డీఏపీలో నత్రజని కోసం అమ్మోనియా చాలు, కార్బన్ డయాక్సైడ్ అక్కరలేదు. కోరమాండల్ సంస్థకు విశాఖలోనూ కాకినాడలోనూ ఉన్న కాంప్లెక్స్ ఎరువుల ప్లాంట్లకు రేవు పక్కనే ఉంది. దిగుమతి అమ్మోనియా బదులు మన తీరంలో తయారైన అమ్మోనియా అందితే, లోపల యంత్రాలు దాదాపు యథాతథంగానే పనిచేస్తాయి. కాకినాడలో ఏఎం గ్రీన్ సంస్థ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా సామర్థ్యంతో చేపట్టిన ప్రాజెక్టును నేను ఈ దృష్టితోనే ఆసక్తిగా గమనిస్తున్నాను. ఎగుమతికి పోయే ప్రతి ఓడతో పాటు కొంత సరుకు గోదావరి డెల్టా పొలాలకు కూడా చేరాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ధర విషయంలోనూ ఒక మంచి సూచన కనిపించింది. ఎరువుల కంపెనీలకు గ్రీన్ అమ్మోనియా సరఫరా కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ 2025లో జరిపిన మొదటి వేలంలో కిలో 55 రూపాయల 75 పైసల ధర పలికింది. ఇది మామూలు అమ్మోనియా ధరను ఇంకా పూర్తిగా అందుకోకపోయినా, రెండింటి మధ్య దూరం దాటలేనంత పెద్దదేమీ కాదని ఆ వేలం చూపించింది.

రిఫైనరీల సంగతి ఇంతకంటే సులువు. ముడిచమురులోని గంధకాన్ని తీసివేయడానికి హైడ్రోజన్ తప్పదు. కాబట్టి పెట్రోలు, డీజిల్ వాడకం ఉన్నన్నాళ్లూ అక్కడ గ్రీన్ హైడ్రోజన్ సరైన ఎంపికే. అయితే వాహనాలు కరెంటుకు మారేకొద్దీ ఈ గిరాకీ తగ్గిపోతుంది గనుక, రాబోయే 30 ఏళ్ల పెట్టుబడిని దీని మీదే ఆధారపడి పెట్టడం తెలివైన పని కాదు.

ఉక్కు: కష్టమైనది, అయినా అవసరమైనది

బ్లాస్ట్ ఫర్నేస్‌లో బొగ్గు నుంచి చేసిన కోక్ రెండు పనులు చేస్తుంది. ఒకటి వేడిని ఇవ్వడం, రెండోది ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కోవడం. మొదటి పనిని కరెంటు చేయగలదు. రెండో పనికి రసాయన పదార్థం కావాలి. కార్బన్ బదులు హైడ్రోజన్ ఆ ఆక్సిజన్‌ను లాక్కుంటే పొగ గొట్టం నుంచి కార్బన్ డయాక్సైడ్‌కు బదులు నీటి ఆవిరి వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి ఈ మార్పు చిన్నది కాదు. స్వీడన్‌లోని లూలియోలో హైబ్రిట్ ప్రాజెక్టు ఈ పద్ధతిలో స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ తీసేసిన ఇనుము) తయారు చేసి, దానితో చేసిన ఉక్కును 2021లో వోల్వో సంస్థకు అందించింది. మన దేశంలో టాటా స్టీల్ 2023లో జంషెడ్‌పూర్‌లో మరో దారి ప్రయత్నించింది. ఉన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లోకే హైడ్రోజన్ ఎక్కించి చూసింది. ఈ రెండో దారిలో కొలిమి మార్చనక్కరలేదు. కాని కోక్ చాలావరకు ఉండాల్సిందే కాబట్టి ఉద్గారాలు తగ్గేది కొద్దిపాటే.

విశాఖ ఉక్కు గురించి మనసు పెట్టి ఆలోచించే వారందరూ ఈ అంకెలను ఒకసారి చూడాలి. హైడ్రోజన్‌తో ఒక టన్ను ఉక్కు చేయడానికి 50 నుంచి 55 కిలోల హైడ్రోజన్, అంటే దాదాపు 3,000 యూనిట్ల కరెంటు, ఆపైన కరెంటుతో ఇనుమును కరిగించే ఆర్క్ ఫర్నేస్‌కు మరో 500 యూనిట్లు కావాలి. ఏడాదికి 10 లక్షల టన్నులు ఈ దారిలో చేయాలంటే ఒక్క సౌర విద్యుత్తు మీదే ఆధారపడితే దాదాపు 1,600 మెగావాట్ల ప్లాంటు కావాలి. విశాఖ ఉక్కు సామర్థ్యం 73 లక్షల టన్నులు. అన్ని ఫర్నేసులనూ ఒకేసారి మార్చాలని కోరడం అర్థం లేని మాట అవుతుంది. ఏదైనా ఫర్నేస్‌కు రీలైనింగ్ (లోపలి ఇటుకల పొర మార్చే) గడువు వచ్చి, వందల కోట్లు ఎటూ ఖర్చు చేయవలసిన సందర్భంలో, ఆ డబ్బు మళ్లీ కోక్ ఫర్నేస్ మీదే పెట్టాలా, లేక ముందు సహజ వాయువుతో నడిచి తర్వాత హైడ్రోజన్‌కు మారగల, స్పాంజ్ ఐరన్ తయారు చేసే డీఆర్ఐ ప్లాంటు మీద పెట్టాలా అన్నది అసలు ఎంపిక. నేనైతే రెండో దానివైపే మొగ్గుతాను.

అయితే హైడ్రోజన్ ఉక్కుకు ముందే చేయదగ్గ పని ఇంకొకటుంది. పాత ఇనుము కరిగించి ఉక్కు చేయడానికి టన్నుకు 500 యూనిట్ల చుట్టుపక్కల కరెంటు చాలు. దొరికినంత మేర తుక్కును ఆర్క్ ఫర్నేస్‌లకు మళ్లించి, ఖనిజం నుంచే చేయక తప్పని ఉక్కుకు మాత్రం హైడ్రోజన్‌ను మిగల్చడం మేలు.

బస్సు, రైలు, వంటగది

హైదరాబాద్ రోడ్ల మీద ఇప్పుడు తిరుగుతున్న ఎలక్ట్రిక్ సిటీ బస్సును, అదే పరిమాణంలో ఉండే ఫ్యూయల్ సెల్ బస్సును పక్కపక్కన పెట్టి చూద్దాం. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే 12 మీటర్ల బ్యాటరీ బస్సుకు, ఛార్జింగ్ నష్టంతో కలిపి 260 యూనిట్లు చాలు. ఫ్యూయల్ సెల్ బస్సు అదే దూరానికి 17 కిలోల హైడ్రోజన్ తీసుకుంటుంది; దాన్ని తయారుచేసి, 350 బార్ ఒత్తిడికి తెచ్చి నింపడానికి 950 యూనిట్లు దాటుతాయి. ఒకే రూటు, ఒకే ప్రయాణికులు, కరెంటు మాత్రం దాదాపు నాలుగింతలు. డిపోలో రాత్రంతా నిలిచి ఉండే బస్సుకు, రోజూ తెలిసిన దారిలోనే తిరిగే బస్సుకు హైడ్రోజన్ వద్దు. కార్లకైతే ఈ చర్చే అనవసరం; కాలిఫోర్నియాలో షెల్ సంస్థ కార్ల కోసం నడిపిన హైడ్రోజన్ బంకులను 2024లో మూసివేసింది.

దూరప్రాంతాలకు పోయే బరువు లారీల విషయంలో నేను ఇంత గట్టిగా చెప్పను. బ్యాటరీ బరువు, ఛార్జింగ్‌కు పట్టే సమయం అక్కడ నిజమైన ఇబ్బందులే. అయినా బ్యాటరీ ధరలు పడిపోతున్న వేగం చూస్తే, ఇవాళ హైడ్రోజన్ లారీల వరస కొనబోయే యజమాని మరికొన్నేళ్లు ఆగడమే మంచిది.

రైళ్ల దగ్గర మన దేశం ఇప్పటికే సరైన ఎంపిక చేసుకుంది. బ్రాడ్‌గేజ్ మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తయింది. హర్యానాలో జింద్-సోనీపత్ మార్గానికి ఉద్దేశించిన హైడ్రోజన్ రైలు సాంకేతిక అనుభవానికి పనికొస్తుంది, కొండ ప్రాంతపు వారసత్వ మార్గాల్లో స్తంభాలు నాటలేని చోట అర్థవంతం కూడా కావచ్చు. కాని పైన తీగ ఉన్న పట్టాల మీద దానికి పని లేదు. జర్మనీలోని లోయర్ సాక్సనీ హైడ్రోజన్ ప్రయాణికుల రైళ్లను నడపడంలో ప్రపంచానికే ముందుంది. తర్వాతి కొనుగోళ్లకు ఆ రాష్ట్రమే బ్యాటరీ రైళ్ల వైపు మళ్లింది.

వంటగదికి పైపు గ్యాసులో హైడ్రోజన్ కలపడం గురించి తరచూ వింటున్నాం. సూరత్ దగ్గరి కవాస్‌లో ఎన్టీపీసీ ఈ ప్రయోగం చేస్తోంది. ఘనపరిమాణంలో 20 శాతం హైడ్రోజన్ కలిపినా, అది పలుచని వాయువు కాబట్టి శక్తిలో దాని వాటా 7 శాతమే ఉంటుంది. ఉద్గారాలు తగ్గేదీ అంతే. పైగా హైడ్రోజన్ కొన్ని రకాల ఉక్కు పైపుల్లోకి చొచ్చుకుపోయి వాటిని పెళుసుబారేట్టు చేస్తుంది. అదే కరెంటుతో ఇండక్షన్ స్టవ్ వెలిగిస్తే తేలికగా తేలిపోయే వ్యవహారం ఇది.

కరెంటు దాచుకోవడానికి ఏది?

పగటి ఎండను రాత్రికి దాచడమే మన అవసరమైతే హైడ్రోజన్ మూడో స్థానంలో నిలుస్తుంది. బ్యాటరీలో పెట్టిన కరెంటులో 85 శాతానికి పైగా, పంప్డ్ స్టోరేజీలో 75 నుంచి 80 శాతం తిరిగి వస్తుంది. హైడ్రోజన్‌గా దాచి మళ్లీ కరెంటు చేస్తే దాదాపు మూడో వంతే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో నిర్మించిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు చేసే పని ఇదే: పగలు మిగిలిన కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, సాయంత్రం కిందికి వదులుతుంది. రాయలసీమ గుట్టలు మనకిచ్చిన ఈ వీలును ముందు పూర్తిగా వాడుకోవాలి.

వారాల తరబడి, నెలల తరబడి దాచడంలోనే హైడ్రోజన్ ముందుకు వస్తుంది. చలికాలంలో ఎండ కరవయ్యే ఐరోపా దేశాలకు అది పెద్ద అవసరం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో డెల్టా అనే ఊరి దగ్గర భూగర్భ ఉప్పు పొరల్లో గుహలు తొలిచి హైడ్రోజన్ నిల్వ చేసే ఏర్పాటు జరుగుతోంది. మన దక్కన్ గ్రానైట్ కింద అలాంటి ఉప్పు పొరలు లేవు. మరోవైపు మనకు ఎండ తగ్గే వానాకాలంలోనే గాలి బాగా వీస్తుంది. అనంతపురం, కర్నూలు గాలిమరలు అప్పుడే ఎక్కువ తిరుగుతాయి. ఐరోపాకు ఉన్నంత నిల్వ అవసరం మనకు లేదు గనుక, వాళ్ల ప్రణాళికలను చూసి మనం లెక్కలు వేసుకోకూడదు.

ఓడలకు, విమానాలకు మాత్రం బ్యాటరీ చాలదు. సముద్రాలు దాటే ఓడలకు అమ్మోనియా, మిథనాల్. విమానాలకు హైడ్రోజన్‌తోనూ కార్బన్‌తోనూ తయారయ్యే కృత్రిమ ఇంధనం. రెండింటికీ హైడ్రోజన్ ముడిసరుకే. ఇవి ఖరీదైనవి, కాని ప్రత్యామ్నాయం ఇంతకంటే ఖరీదు.

పేరు చూసి కాదు, కరెంటు ఎక్కడిదో చూసి

గ్రీన్ అన్న పేరుతో ఏ ప్రాజెక్టు మన ముందుకు వచ్చినా అడగాల్సిన మొదటి ప్రశ్న కరెంటు గురించే. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ఆ కరెంటుతో హైడ్రోజన్ తీస్తే కిలోకు 38 కిలోలు అవుతుంది; సహజ వాయువు నుంచి తీసినదానికి నాలుగింతలు! 2023 ఆగస్టులో కేంద్రం పెట్టిన నిర్వచనం ప్రకారం కిలోకు 2 కిలోలు మించితే అది గ్రీన్ హైడ్రోజన్ కాదు. ఎలక్ట్రోలైజర్ కోసం కొత్తగా సౌర, పవన ప్లాంట్లు వెలుస్తున్నాయా, లేక ఊళ్లకు వెలుగిస్తున్న పాత సౌర విద్యుత్తునే అటు మళ్లిస్తున్నారా అన్నది కాగితాల మీద తేల్చుకోవాలి. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తితో పాటు 1,25,000 మెగావాట్ల కొత్త పునరుత్పాదక సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకున్నది ఈ కారణంగానే.

లీకేజీని కూడా చిన్నదిగా చూడకూడదు. హైడ్రోజన్ స్వయంగా వేడిని పట్టి ఉంచే వాయువు కాకపోయినా, గాలిలోకి చేరితే మీథేన్ ఎక్కువకాలం నిలవడానికి కారణమవుతుంది. వందేళ్ల లెక్కలో దాని ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 11 రెట్లని పరిశోధకులు అంచనా వేశారు. తయారైన చోటే వాడుకుంటే లీకేజీ తగ్గుతుంది. ఈ సరుకును దూరం మోయకపోవడమే మేలని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

పూడిమడక ముందున్న ప్రశ్నలు

అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దాని నుంచి 7,500 టన్నుల ఇతర ఉత్పత్తులు అక్కడి లక్ష్యం. 1,500 టన్నులంటే రోజుకు 8 కోట్లకు పైగా యూనిట్లు. ఇందుకు 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు తోడు రావాలన్న ప్రణాళిక లెక్కకు సరిపోతుంది.

నీటి సంగతి విడిగా చూడాలి. రసాయన లెక్క ప్రకారం కిలోకు 9 లీటర్లు చాలు. శుద్ధిలో పోయేది, చల్లార్చడానికి అయ్యేది కలిపితే 20 లీటర్లు దాటుతుంది. రోజుకు 3 కోట్ల లీటర్ల మాట ఇది. ఈ నీటిని ఏలేరు కాలువ నుంచి తీసుకోవలసిన అవసరం ఏమాత్రం లేదు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్లే అవుతాయి. అంటే ఒక కిలో హైడ్రోజన్‌కు ఒక యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. 55 యూనిట్లు ఖర్చు చేసే చోట ఇది లెక్కలోకి రాని మొత్తం. తాగునీటిని, సాగునీటిని అడిగే తీరప్రాంత ప్రాజెక్టును ఒప్పుకోకుండా ఉండటానికి ఈ ఒక్క అంకె చాలు.

అమ్మోనియా విషవాయువు; దాన్ని మైనస్ 33 డిగ్రీల వద్ద ద్రవంగా పెద్ద ట్యాంకుల్లో ఉంచుతారు. రేవుల్లో దాన్ని దశాబ్దాలుగా జాగ్రత్తగానే దించుతున్నారు, కాని ఇప్పుడు రాబోయే పరిమాణం వేరు. 2020 మే నెలలో వెంకటాపురంలో తెల్లవారుజామున స్టైరిన్ లీకై జనం రోడ్ల మీద కుప్పకూలిన రోజును ఈ తీరం మరచిపోలేదు. ట్యాంకుకూ మొదటి ఇంటికీ మధ్య దూరం ఎంత, సైరన్ ఎవరు మోగిస్తారు, అది మోగితే గాలివాటాన్ని బట్టి ఏ దిక్కుకు పరుగెత్తాలి అన్నవి ప్రజాభిప్రాయ సేకరణ నాడే తెలుగులో రాసి ఊళ్లో అంటించాలి. అలాగే సముద్రపు నీటిని శుద్ధి చేశాక మిగిలే చిక్కటి ఉప్పునీటి పైపు తీరానికి ఎంత దూరంలో, ఎంత లోతులో విడుస్తుందో, ఆ చోటు పూడిమడక పడవలు వలలు వేసే చోటు అవునో కాదో గంగపుత్రులతో కలిసి పటం మీద గీసి, ఆ గీతను ఒప్పందంలో భాగం చేయాలి.